బరంపురం చెమ్మలో అంబాసిడర్‌కు రంగు

పెయింట్ వేయించిన ఏడాదికే డోర్ల కింద బుడిపెలు లేస్తే మనవాళ్లు ముందు రంగు డబ్బాని అనుమానిస్తారు, తర్వాత స్ప్రే గన్ పట్టిన మేస్త్రీని. చాలాసార్లు ఇద్దరూ అమాయకులే. అసలు దొంగ నీళ్లు. గోపాలపూర్ సముద్రం మనకు పదిహేను కిలోమీటర్లు. మధ్యాహ్నం తిరిగే గాలి ఉప్పునీ చెమ్మనీ మోసుకొచ్చి షెడ్డులో దించిపోతుంది. రేకు మడతల్లోనో, లప్పంలోనో, గన్‌కి వెళ్లే గాలి పైపులోనో, రంగుని గట్టిపరిచే హార్డెనర్ డబ్బాలోనో ఎక్కడ చుక్క నీరు దాగినా ఏదో ఒకరోజు రంగు మీదికి తేలుతుంది. ఇంటి షెడ్డులో అంబాసిడర్‌ని బాగుచేసి రంగు వేసుకోవాలనుకునేవాళ్లు గన్ తిప్పడం నేర్చుకునే ముందు నీళ్లు దాక్కునే చోట్లు తెలుసుకోవాలి. ఛత్రపురం వాళ్లకైనా, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లకైనా లెక్క ఇదే. పర్లాకిమిడి, రాయగడ వైపు ఉప్పు ఉండదు గానీ వానాకాలం చెమ్మకు మాత్రం లోటు లేదు.

అందుకే పనిని నెలల వారీగా విడగొట్టుకోవాలి. కారు విప్పడం, కుళ్లిన చోట్లు వెతకడం, సామాన్లు తెప్పించడం వానాకాలంలో పెట్టుకోండి. రేకుని తెల్లగా గీకే పని మాత్రం అప్పుడు వద్దు. ఆగస్టులో గీకిన రేకుని ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి పసుపు రాసినట్టు తుప్పు పట్టి ఉంటుంది. అక్టోబరు తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర. ఆ నెలలో పాలిథీన్ గుడారం కట్టి రంగుకి దిగడం అంటే జూదమే. వెల్డింగు, గీకుడు, ప్రైమరు నవంబరు నుంచి మొదలుపెట్టి, పై రంగు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిలో పూర్తి చేసేయాలి. మార్చి దాటితే ఎండ, దాంతోపాటు ఉక్కపోత.

అంబాసిడర్‌కి లారీకో జీపుకో ఉన్నట్టు వేరే ఛాసిస్ ఉండదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపాడాలో 1958 నుంచి 2014 దాకా తయారు చేసిన బండి ఇది. బాడీ మొత్తం ఒకే పెట్టె. డోర్ల కింద ముందు నుంచి వెనక దాకా పోయే పెట్టె రేకు, అంటే సిల్, బండి నడుము. అది కుళ్లితే కారు మధ్యలో కుంగుతుంది, డోర్లు పట్టవు. కొనేముందు జేబులో రెండు వస్తువులు చాలు: గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, పాత స్క్రూడ్రైవరు. అయస్కాంతం అంటుకోని చోట కింద మందంగా లప్పం ఉన్నట్టు. స్క్రూడ్రైవరు పిడితో కొట్టుకుంటూ పోండి. గట్టి రేకు ఖణేల్ మంటుంది, కుళ్లింది డప్ మంటుంది.

వెతకాల్సిన చోట్లు: సిల్‌ల కింది అంచు, జాకీ పెట్టే చోటు, ముందు మడ్‌గార్డుల వెనక కింది మూల, డోర్ల కింది మడత, కాళ్ల కింద ఫ్లోరు, బ్యాటరీ కూర్చునే ట్రే, డిక్కీ అడుగు, వెనక పట్టీల (లీఫ్ స్ప్రింగుల) హ్యాంగర్లు బాడీకి తగిలే చోటు, అద్దం బీడింగు కింది గాడి. ముందు మడ్‌గార్డు వెనక మూల సంగతి ప్రత్యేకం. చక్రం ఎగరేసిన బురద లోపలి అంచు మీద చేరి గూడు కడుతుంది. ఎండాకాలంలో అది ఎండిన మట్టిలా కనిపిస్తుంది గానీ, వేలు పెట్టి లోపలి పొర పెకలిస్తే మే నెలలో కూడా తడి తగులుతుంది. అక్కడ రేకు ఎప్పుడూ లోపల్నుంచే పోతుంది. బయట చిన్న బుడిపె కనబడేసరికి లోపల అరచేయంత రేకు పోయి ఉంటుంది. వరదనీళ్లలో నిలబడిన బండి అయితే సిల్ లోపల కూడా ఒండ్రు పేరుకుని ఉంటుంది. డ్రెయిన్ రంధ్రాల్లోంచి సైకిల్ చువ్వ దూర్చి చూడండి, మట్టి అంటుకొస్తే సిల్ తెరవకుండా వదలొద్దు.

సిల్ కోయడానికి ముందు డోర్ల ఖాళీల్లో అంగుళం చదరపు పైపు అడ్డంగా, ఐమూలగా వెల్డు చేసి బిగించాలి. బండిని నాలుగు స్టాండ్ల మీద మట్టం చూసి నిలబెట్టండి, జాకీ మీద వద్దు. రెండు పక్కలా ఒకేసారి కోయడం కూడా పొరపాటు. ఒక పక్క కోసి, కొత్తది వేసి, డోరు మళ్లీ తగిలించి సందు చూసుకున్నాకే రెండో పక్క. సందు పైనుంచి కిందికి ఒకేలా నాలుగైదు మిల్లీమీటర్లు ఉండాలి. కింద ఎక్కువై పైన తగ్గితే నడుము కుంగిందని అర్థం, దాన్ని లప్పంతో సరిచేయలేరు. సిల్‌కీ ఫ్లోరుకీ 18 గేజి సీఆర్‌సీ (కోల్డ్ రోల్డ్) రేకు, మడ్‌గార్డు, డోర్ల పైరేకుకి 20 గేజి. తయారుగా దొరికే సిల్‌లు, ఫ్లోర్లు, బీడింగులకి కోల్‌కతా మల్లిక్ బజార్ ఇప్పటికీ పెద్ద దిక్కు. పసుపు టాక్సీల పుణ్యమా అని అక్కడ అంబాసిడర్ సామాను ఇంకా కదులుతోంది.

వెల్డింగు మిగ్ మెషిన్‌తోనే, 0.8 మిల్లీమీటర్ల తీగతో. మామూలు రాడ్డు మెషిన్ 20 గేజి రేకుని జల్లెడ చేస్తుంది. గ్యాసు వెల్డింగు వేడికి పెద్ద రేకులు అప్పడంలా వంకరపోతాయి. ఇత్తడి వేసి అతికించే పాత పద్ధతిలో ఇంకో చిక్కుంది: ఆ ఫ్లక్సు పూర్తిగా కడక్కపోతే దాని మీద ఏ ప్రైమరూ పట్టదు. మిగ్‌తోనైనా అంగుళానికో చుక్క పెడుతూ, ఈ మూల ఒకటి ఆ మూల ఒకటి, చేత్తో తాకగలిగేంత చల్లారాక తర్వాతది. తొందరపడి గీతలా లాగితే బానెట్ మీద అల పడుతుంది, ఆ అలని దాచడానికి తర్వాత అరకిలో లప్పం. పెట్రోలు ట్యాంకు దించి షెడ్డు బయట పెట్టకుండా, బ్యాటరీ తీగ పీకకుండా నిప్పురవ్వ పుట్టించొద్దు.

ఇక పాత రంగు. తెల్లగుడ్డ మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ పోసి కనపడని చోట నిమిషంపాటు రుద్దండి. రంగు కరిగి గుడ్డకి అంటితే పాతది ఎన్‌సీ, ముడతలు పడి లేస్తే సింథటిక్ ఎనామెల్, ఏమీ కాకపోతే టూకే, అంటే హార్డెనర్ కలిపి వేసే రెండు భాగాల రంగు. మొదటి రెండిటి మీద తిన్నగా టూకే వేస్తే కొత్త రంగులోని థిన్నరు కిందికి దిగి పాత పొరను ఉబ్బించి ముడతలు తెప్పిస్తుంది. నలభై యాభై ఏళ్ల బండికి నాలుగైదు పొరల రంగులు ఉండటం మామూలే, అందుకే మొత్తం రేకు దాకా దించేయడమే నయం. పెద్ద పలకలకి పెయింట్ రిమూవర్, గుండ్రాల దగ్గర 80 నంబరు పేపరు. రిమూవర్ రాసేముందు రేకు మడతలు, అతుకులు అంగుళం వెడల్పున టేపుతో మూసేయండి. మడతలోకి దూరిన రిమూవర్ అక్కడే ఉండిపోయి, ఆర్నెల్ల తర్వాత కొత్త రంగుని లోపల్నుంచి తింటుంది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్ది ఆ దుమ్ము ఇంట్లోకి పోనివ్వొద్దు. పిల్లలున్న ఇల్లయితే ఈ మాట రెండుసార్లు చదవండి.

తుప్పు మచ్చలకి ఫాస్ఫోరిక్ యాసిడ్ ఉన్న ద్రావకం రాసేవాళ్లు దాన్ని పూర్తిగా కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి, హీట్ గన్‌తో ఆరబెట్టాలి. యాసిడ్ అవశేషం మీద ఎపాక్సీ పట్టుకోదు, గోరుతో గీస్తే పొరలా వస్తుంది. వీలైన చోటల్లా యాసిడ్ కన్నా వైర్ కప్పు, 80 నంబరు పేపరే మేలు, దాంతో నీళ్ల గొడవ ఉండదు. గీకిన రోజే, సాయంత్రంలోగా, సిలికాన్ తీసే వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌తో తుడిచి ఎపాక్సీ ప్రైమరు కొట్టేయాలి. ఒక చేతి గుడ్డతో తడిపి, అది ఆరేలోపు రెండో చేతి పొడిగుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డతో రుద్దితే జిడ్డు కారంతా పరుచుకుంటుంది. ఎపాక్సీ కలిపాక డబ్బా మీద చెప్పినంతసేపు, సాధారణంగా పావుగంట నుంచి అరగంట, అలా వదిలేసి అప్పుడు గన్‌లో పోయాలి. రెండు పొరలు, మొత్తం బాడీకి కలిపిన తర్వాత మూడు లీటర్ల దాకా పడుతుంది. రెడ్ ఆక్సైడ్ గేట్లకీ గ్రిల్లులకీ బాగుంటుంది, కారుకి వద్దు. అది చెమ్మని ఆపదు, పైగా దాని మీద టూకే థిన్నరు పడితే లేచే ప్రమాదం.

లప్పం దగ్గరే సగం కార్లు పాడవుతాయి. మన వైపు షెడ్లలో లప్పం మీద వాటర్ పేపరు (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దడం అలవాటు. అది ఎన్‌సీ లప్పం రోజుల నాటిది, అప్పుడు దాని వల్ల పెద్ద నష్టం లేదు. ఇప్పుడు వాడే రెండు భాగాల పాలిస్టర్ లప్పం వేరు. లోపల టాల్కం ఉంటుంది, రుద్దాక పైన సన్నని రంధ్రాలు తెరుచుకుంటాయి, నీళ్లు తగిలితే స్పాంజిలా తాగుతుంది. పైకి ఆరినట్టే కనిపిస్తుంది. దాని మీద ప్రైమరు, రంగు వేసి మూత బిగించాక తర్వాతి మే నెల ఎండకి ఆ నీరు ఆవిరై దారి వెతుక్కుంటుంది. డోరు మధ్యలో ఆవగింజల్లాంటి బుడగలు వస్తాయే, అవి ఇవే. గుండుసూదితో గుచ్చితే ఒక్కోసారి తడి కూడా వస్తుంది. పాలిస్టర్ లప్పాన్ని మొదటినుంచి చివరిదాకా పొడిగానే రుద్దాలి. ముక్కుకి దుమ్ము మాస్కు, చేతిలో పొడుగు చెక్క బ్లాకు, 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180.

కలపడంలోనూ లెక్క ఉంది. వంద గ్రాముల లప్పానికి రెండు గ్రాముల హార్డెనర్. కళ్లంచనా వద్దు, వంటింటి డిజిటల్ తూకం తెచ్చుకోండి (తిరిగి వంటింట్లో పెట్టకండి). త్వరగా గట్టిపడాలని ఆ ఎర్ర హార్డెనర్ పేస్టు ఎక్కువ కలిపితే మిగిలిన పెరాక్సైడు పైకి పాకి, తెల్ల కారు మీద పసుపు మచ్చలుగా తేలుతుంది. తక్కువ కలిపితే లోపల మెత్తగా ఉండిపోతుంది. అట్టముక్క మీద కలపొద్దు, లప్పంలోని స్టైరీన్‌ని అట్ట పీల్చేస్తుంది. గాజుపలకో ప్లాస్టిక్ పలకో వాడండి. గిలక్కొట్టినట్టు కాకుండా, పలక మీద నొక్కి మడిచి కలపండి. గాలి చొరబడితే రుద్దినప్పుడు సూది రంధ్రాలు బయటపడతాయి. ముప్పై డిగ్రీల ఎండలో చేతిలో ఉండేది నాలుగైదు నిమిషాలు, కాబట్టి నిమ్మకాయంత కంటే ఎక్కువ కలపకండి. వేసేది ఎపాక్సీ మీద, 180తో గీతలు పెట్టాక. యాసిడ్ ఉన్న ఎచ్ ప్రైమరు మీద వేస్తే లప్పం సరిగ్గా గట్టిపడదు. మందం మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. మొత్తం కారుకు మూడు కిలోలు దాటిందంటే రేకు పని జరగలేదు, శిల్పం జరుగుతోందన్నమాట. డెంటింగ్ అన్నా టింకరింగ్ అన్నా పని సుత్తితోనే ముగియాలి.

లప్పం అయ్యాక సర్ఫేసర్ (సన్న గీతలు పూడ్చే మందపాటి ప్రైమరు) రెండు మూడు పొరలు, 1.6 లేదా 1.8 నాజిల్‌తో, కలిపాక మూడు నాలుగు లీటర్లు. ఆరాక దాని మీద నల్ల స్ప్రే దుమ్ములా చల్లి, పొడుగు బ్లాకుతో 320 పట్టండి. నల్లచుక్కలు మిగిలిన చోట పల్లం, తొందరగా తెల్లబడిన చోట మిట్ట. చేత్తో తడిమి చూసేటప్పుడు వేళ్లతో కాదు, పల్చని నూలుగుడ్డ మీద అరచేయి మొత్తం పెట్టి ముందుకూ వెనక్కూ జరపండి. కన్ను మోసపోతుంది, అరచేయి మోసపోదు. చివరికి 600 నంబరు. ఇక్కడ వాటర్ పేపరు వాడుకోవచ్చు, కింద లప్పం ఎక్కడా బయటపడలేదని తేలితేనే. రుద్దుతుండగా ఎక్కడైనా లప్పం తేలితే నీళ్లు ఆపేసి, ఆ చోట ఆరబెట్టి, మళ్లీ ఎపాక్సీ, సర్ఫేసర్ అద్దుకోవాలి.

కంప్రెషర్ నీళ్ల లెక్క ఒకసారి చేసి చూడండి. పది సీఎఫ్ఎం, అంటే నిమిషానికి పది ఘనపుటడుగుల గాలి పీల్చే కంప్రెషర్ గంటలో దాదాపు 17 ఘనమీటర్ల గాలిని లోపలికి తీసుకుంటుంది. ముప్పై డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజు ఒక్కో ఘనమీటరులో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఎనిమిది బార్లకి నొక్కి, చల్లారాక అందులో మూడు నాలుగు గ్రాములకి మించి ఆవిరి నిలవదు. మిగతాదంతా నీళ్లుగా మారాలి. గంటసేపు ఆగకుండా తిరిగితే 350 మిల్లీలీటర్లు, పెద్ద స్టీలు గ్లాసు నిండా. అదే జనవరిలో 25 డిగ్రీలు, 55 శాతం తేమ ఉన్న పూట సగం కూడా రాదు. ఆ గ్లాసెడు నీళ్లు ట్యాంకులో ఆగుతాయా, బానెట్ మీద పడతాయా అన్నది పైపు అమరిక తేలుస్తుంది.

చాలామంది గాలిలోని నీటిని పట్టే వాటర్ ట్రాప్‌ని కంప్రెషర్ పక్కనే బిగిస్తారు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీరు ఆవిరి రూపంలోనే ట్రాప్ దాటిపోతుంది. ఇరవై అడుగుల రబ్బరు పైపులో చల్లారి, గన్ దగ్గరికొచ్చేసరికి చుక్కలవుతుంది. కాబట్టి కంప్రెషర్ తర్వాత ఇరవై పాతిక అడుగుల జీఐ (గాల్వనైజ్డ్ ఇనుప) పైపు గోడవెంట తిప్పి, వాలు కంప్రెషర్ వైపుకే పెట్టండి. గన్ కనెక్షన్ పైపు పైభాగం నుంచి తీయండి, అడుగునుంచి తీస్తే నీళ్లే వస్తాయి. చివర కిందికి దిగే కొస ఒకటి, దానికి కుళాయి. ట్రాప్ ఆ చివర, గన్‌కి దగ్గర. ఒక్కో పొర మధ్యలో ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదిలేయాలి. పరీక్ష తేలిక: గన్‌లో రంగు పోయకుండా అద్దం మీద ఒక నిమిషం గాలి కొట్టండి. మంచులాంటి మసకగానీ నూనె చుక్కగానీ కనబడితే ఆరోజు రంగు ఆపేయండి. కంప్రెషర్ పరిమాణం విషయానికొస్తే, హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వాడే) గన్ పది నుంచి పద్నాలుగు సీఎఫ్ఎం అడుగుతుంది, అంటే మూడు హెచ్‌పీ. ఇంటి కరెంటుకి అది భారమైతే రెండు హెచ్‌పీ కంప్రెషర్, వంద లీటర్లు దాటిన ట్యాంకు, నాలుగైదు సీఎఫ్ఎంతో సరిపెట్టుకునే ఎల్‌వీఎల్‌పీ గన్ తీసుకోండి. ఒక హెచ్‌పీది సైకిల్ షాపుకి ఇచ్చేయండి.

బూత్ కోసం షెడ్డు లోపలే వెదురు కర్రలకి పాలిథీన్ షీటు కట్టుకుంటే చాలు. గాలి లోపలికొచ్చే చోట నాన్‌వోవెన్ ఫిల్టరు గుడ్డ, ఎదురు మూల కింద ఎగ్జాస్టు. ఎగ్జాస్టు మోటారు థిన్నరు గాలి పోయే దారిలో ఉండకూడదు, మామూలు టేబుల్ ఫ్యాను అసలే వద్దు. నిప్పురవ్వ చాలు. ట్యూబులైట్లు పాలిథీన్ బయట పెట్టండి. దుమ్ము లేవకుండా నేల తడపమని అందరూ చెబుతారు. మనకున్న చెమ్మకు అది అక్కర్లేని దానం. ముందు రోజు కడిగి ఆరబెట్టి, నేల మీద కూడా షీటు పరవండి. సాయంత్రం పనికి దిగకండి, లైటుకొచ్చే పురుగులు తడి రంగు మీదే కాపురం పెడతాయి.

కొట్టే గంట ఎంచుకోవడానికి మూడు వందల రూపాయల తేమ మీటరు కొని గోడకి తగిలించండి. వాడుకలో ఉన్న తేలిక లెక్క: వందలోంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని అయిదుతో భాగించి, గాలి వేడిలోంచి తగ్గిస్తే మంచు పడే వేడి వస్తుంది. తేమ యాభై శాతం పైన ఉన్నప్పుడు ఈ లెక్క బాగానే సరిపోతుంది. డిసెంబరు ఉదయం ఎనిమిదిన్నరకి గాలి 24, తేమ 80 అనుకోండి, మంచు పడే వేడి 20. రాత్రంతా చల్లబడ్డ బానెట్ రేకు 19లో ఉండొచ్చు. కంటికి కనపడని తడి దాని మీద అప్పటికే ఉంది. రేకు వేడి మంచు పడే వేడికి కనీసం మూడు డిగ్రీలు పైన ఉండాలి. అందుకే పది దాటాక మొదలుపెట్టి, సముద్రపు గాలి తిరిగేలోపు చివరి పొర అయిపోయేలా చూసుకోవాలి.

మాస్కు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. టూకే హార్డెనర్‌లో ఐసోసైనేట్ అనే విషపు రసాయనం ఉంటుంది. ముక్కుకి రుమాలు కట్టుకుంటే అది ఆగదు. వాసన రావట్లేదు కాబట్టి ఫర్వాలేదన్నదీ తప్పే, వాసన తెలిసేలోపే హాని చేసే మోతాదు దాటుతుంది. ఒకసారి ఊపిరితిత్తులు దానికి పడకుండా అయితే జీవితాంతం ఉబ్బసం. సరైనది బయటి నుంచి మంచిగాలి పంపే హుడ్, దానికి నూనె లేని వేరే కంప్రెషర్. చేతులకి నైట్రైల్ గ్లవ్స్, ఒంటికి కవరాల్. ఆ ఏర్పాటు కుదరకపోతే ఎపాక్సీ, లప్పం దాకా ఇంట్లో చేసుకుని, సర్ఫేసర్, పై రంగు బూత్ ఉన్న షాపులో డబ్బిచ్చి కొట్టించుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు. పనిలో ముప్పావు వంతు అప్పటికే మీ చేతిమీద అయిపోయింది.

రంగు ఎంపిక. మార్క్ టూ, మార్క్ త్రీ లాంటి పాత బండ్లకి ప్లెయిన్ రంగు, క్లియర్ (పైన వేసే పారదర్శక పూత) లేని ఒకే దశ టూకే పీయూ (పాలీయూరిథేన్) సరిపోతుంది. వాటికి మెటాలిక్ వేయడం బరంపురం పట్టు జోడు కట్టుకుని క్రికెట్ బూట్లు తొడుక్కోవడం లాంటిది. అసలు రంగు కావాలంటే ఎండ తగలని చోట, డిక్కీ మూత లోపలో డ్యాష్‌బోర్డు కిందో, కాంపౌండుతో మెరిపించి రంగు షాపులో మెషిన్‌కి చూపించండి. ఆర్‌సీలో రాసిన రంగు మారిస్తే ఆర్టీవో దగ్గర ఎక్కించుకోవాలి. యాభై ఏళ్లు దాటిన సొంత వాడకం బండి అయితే 2021లో వచ్చిన నిబంధన కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది: నంబరులో వీఏ అక్షరాలు, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుబాటు, తర్వాత పునరుద్ధరణకి 5,000. ఆ నంబరుతో ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు లాంటి పనులకే రోడ్డెక్కాలి. రోజూ తిరగాలనుకునేవాళ్లు పాత ఓఆర్ 07 (గంజాం జిల్లా) నంబరే కాపాడుకోవడం మంచిది.

మొత్తానికి మూడు లీటర్ల రంగు, రెండుకి ఒకటి పాళ్లలో లీటరున్నర హార్డెనర్, పది పదిహేను శాతం థిన్నరు. పాళ్లు మాత్రం ఎప్పుడూ డబ్బా మీదవే. హార్డెనర్ చిన్న డబ్బాలే కొనండి. మూత తీసిన డబ్బాలోకి మన గాలి దూరితే అది చెమ్మతో కలిసి చిక్కబడుతుంది, ఆ డబ్బాతో కొట్టిన రంగులో సన్న బుడగలు, మసక. స్లో థిన్నరు వాడండి. త్వరగా ఆరే థిన్నరు రేకుని చేరేలోపే ఆరి, తాకితే గరుగ్గా ఇసుకలా తగులుతుంది.

బోల్టులతో ఉన్న ముందు మడ్‌గార్డులు, బానెట్, డోర్లు విప్పి, లోపలి అంచులు ముందుగా విడిగా కొట్టుకోండి. తర్వాత తగిలించి బయట కొట్టాలి. గన్ నాజిల్ 1.3 లేదా 1.4, ట్రిగ్గరు నొక్కి పట్టుకున్నప్పుడు 25 నుంచి 30 పీఎస్ఐ. గోడకి కాగితం అంటించి చూసుకోండి, రంగు పడిన పట్టీ రెండు చివర్లా ఒకే మందంలో రావాలి. మధ్యలో లావై చివర్లు పల్చబడితే గాలి తక్కువ, మధ్యలో చీలితే గాలి ఎక్కువ. దూరం జానెడు కంటే కొంచెం తక్కువ. మణికట్టు తిప్పడం వద్దు, మోచేయి, భుజం రేకుకి సమాంతరంగా కదలాలి. ప్రతి గీత ముందు గీతని సగానికి పైగా కప్పాలి. పైకప్పుతో మొదలు. మీ వైపు అంచు నుంచి మధ్యకి వచ్చి, అవతలికి వెళ్లి మధ్య నుంచి ఆ అంచుకి. అప్పుడు మధ్య ఎప్పుడూ తడిగా కలుస్తుంది. తర్వాత ఒక పక్క, డిక్కీ, రెండో పక్క, చివర బానెట్. మొదటి పొర పల్చగా, పదీ పదిహేను నిమిషాలు ఆగి రెండోది నిండుగా, మళ్లీ ఆగి మూడోది. మాస్కింగ్ టేపు మీద రంగు వేలికి దారంలా సాగకుండా ఉంటేనే తర్వాతి పొర.

కారిపోతే ఆ క్షణంలో ముట్టుకోకండి. రెండు మూడు రోజులు ఆరాక బ్లేడుతో శిఖరం చెక్కి, 1000, 1500, 2000తో సమం చేయొచ్చు. చేపకన్ను గుంటలు వస్తే మాత్రం కింద జిడ్డు ఉన్నట్టు. డ్యాష్‌బోర్డు పాలిష్ చల్లిన గుడ్డ, పట్టీలకి కొట్టిన పాత ఇంజను ఆయిలు, తలకి రాసుకున్న కొబ్బరినూనె, ఏదైనా కావచ్చు. అందుకే బండి కింద నల్ల నూనె చల్లే మన సర్వీసింగు అలవాటు రంగు పని ముగిసేదాకా ఆపాలి. తుప్పు పట్టకుండా సిల్‌లలో వేసే క్యావిటీ వ్యాక్సు కూడా ముందు వేస్తే అతుకుల్లోంచి కారి ఇదే పని చేస్తుంది. అది చివర్లో, రంగు బాగా గట్టిపడ్డాక, డ్రెయిన్ రంధ్రాల్లోంచి సన్నని పైపు దూర్చి, రెండో చివర నుంచి బయటికి వచ్చేదాకా.

అద్దం బిగించేటప్పుడు రబ్బరు బీడింగు లోపలి గాడిలో నైలాన్ తాడు చుట్టూ తిప్పి, సబ్బునీళ్లు రాసి, బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపల ఇంకొకరు తాడు లాగుతూ రావాలి. దానికి ముందు గాడి రేకు మీద ఎపాక్సీ, రంగు పూర్తిగా ఉందో లేదో చూడండి. పాత బీడింగు కొత్త రంగు మీద వేయకండి, గట్టిపడి బీటలిచ్చిన రబ్బరు వాన నీటిని తిన్నగా ఫ్లోరు మీదికి దింపుతుంది.

డోర్లు బిగించాక అడుగున ఉన్న డ్రెయిన్ రంధ్రాలు రంగుతోనో సీలెంటుతోనో మూసుకుపోయాయేమో చూసి, నాలుగు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టుని చేత్తో తిప్పి తెరిచి, ఆ అంచుకి బ్రష్‌తో ఎపాక్సీ అద్దండి. ఆ తర్వాత అద్దం దించి, సందులోంచి ఒక చెంబుడు నీళ్లు పోయండి. పోసినంతా పది సెకన్లలో కింద నేల మీద కనిపించాలి. ఎంత తగ్గితే అంత డోరులోనే ఉండిపోయినట్టు, డోరు ప్యాడ్ బిగించకుండా మళ్లీ తెరవండి.